విస్తరాకు పక్కన సీసా

పొద్దున పదకొండూ పదికి ఒక కాకి వచ్చి వేపకొమ్మ మీద వాలింది. అందరూ దాని కోసమే చూస్తున్నారు. నేను మాత్రం గడియారం చూశాను, అందుకే సమయం గుర్తుంది. తమ్ముడు చనిపోయి అది మూడో రోజు. షామీర్‌పేట దాటాక అలియాబాద్ దగ్గర మా ఊరి బొందలగడ్డలో వాణ్ణి పూడ్చాం. ఆ మట్టికుప్ప ముందు విస్తరాకు పరిచి, అన్నం, మటన్ కూర, రెండు అరటిపళ్లు పెట్టి దూరంగా జరిగి నిలబడ్డాం. మా వైపు దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టాలి. కాకి వచ్చి ముట్టాలి. ముడితే తృప్తిగా వెళ్లాడని, ముట్టకపోతే ఏదో తక్కువైందని అర్థం.

కాకి కొమ్మ మీదే కూర్చుంది. కిందికి రాలేదు. ఎండ ఎక్కుతోంది. మా అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆకునే చూస్తోంది.

"వానికి మందు పెట్టలే. ఎట్లొస్తడు?" అన్నాడు మా మేనమామ.

"నిజమే, అసలుదే మర్చిపోయినం" అన్నారు ఇంకెవరో.

తమ్ముడికి నలభై నిండలేదు. కాలేయం పాడై, కడుపులో నీరు చేరి పోయాడు. ఇంకొక్క చుక్క తాగినా బతకడని డాక్టరు ముందే చెప్పాడు. అక్కడ నిలబడిన అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా మామ అన్న మాట ఎవరికీ తప్పుగా వినిపించలేదు. నాకూ వినిపించలేదు. ఇప్పటికీ నేను ఎక్కువగా ఆలోచించేది ఆ విషయం గురించే.

ఎవరో బండి మీద వెళ్లి క్వార్టర్ సీసా తెచ్చారు. అన్నను కాబట్టి మూత నేనే తీయాలి. స్టీలు గ్లాసులో సగం పోసి విస్తరాకు పక్కన పెట్టి వెనక్కి వచ్చాను. కాసేపటికి కాకి దిగి ఒక మటన్ ముక్క పట్టుకుపోయింది. గ్లాసును ముట్టలేదు. అయినా అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"సూసినవా, ఎట్లొచ్చిండో!" అన్నాడు మామ. సీసాలో మిగిలింది నా చేతికి ఇచ్చాడు. "పట్టు. అన్నవి, ముందు నువ్వే ముట్టాలె."

తాగాను. మిగతావాళ్లకు ఉంచాలని కూడా అనుకోలేదు, మొత్తం తాగేశాను.

నేను మేడ్చల్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ, తమ్ముడి కుటుంబం, నేను ఒకే ఇంట్లో ఉంటూ వచ్చాం. చేతికి అందిన పుస్తకమల్లా చదివే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కాలేయం గురించి, తాగుడు ఒక జబ్బు అన్న సంగతి గురించి కూడా చదివాను. తమ్ముడికి చదివి వినిపించాను కూడా. ఇద్దరి ముందూ గ్లాసులుండగానే వినిపించాను. పదిహేనేళ్లు దాదాపు రోజూ సాయంత్రం మా పెరట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. వాడు పోయాక నేను ఒక కుర్చీలో కూర్చుని రెండో దాని మీద సీసా పెట్టుకునేవాణ్ణి.

పన్నెండో రోజు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు పెరట్లోకి వచ్చింది. తమ్ముడి బట్టలు సర్దుతోంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"బావా, గిది ఆయన అంగీ జేబుల దొరికింది."

విప్పి చూశాను. ఎవరో బాల్‌పెన్నుతో రాశారు. తమ్ముడి చేతిరాత కాదు. మేడ్చల్ పాత బస్టాండు దగ్గర బడి, వెనక గది, ఆదివారం అయిదున్నర. కింద ఒకే వాక్యం: తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు.

"నాకు జూపిస్తవేంది?" అన్నాను.

"మరెవరికి జూపియ్యాలె? నాకేం జేస్తది గది? నేను తాగనాయె." ఆమె కుర్చీ మీది సీసా వైపు చూసింది. "ఆయనకు పనికిరాలె. నీకన్న పనికొస్తదేమో సూడు. ఇంకొకని దినాలు జేసే ఓపిక నాకు లేదు బావా."

ఆమె నాతో అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆదివారమే. టైము మూడు కావస్తోంది.

మేడ్చల్‌లో పదేళ్లుగా పని చేస్తున్నా ఆ బడి ఎక్కడుందో నాకు తెలియదు. పాత బస్టాండు దగ్గర రెండు సందులు తిరిగాను. అడగడానికి నోరు రాలేదు. చివరికి బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తున్న ఒక ముసలమ్మ దగ్గర ఆగి, బడి ఎక్కడ అని నెమ్మదిగా అడిగాను.

"ఆదివారం బడేంది?" అంది. నన్ను కిందికీ మీదికీ చూసి గొంతు పెంచింది. "ఓ, తాగుడు ఇడిసేటోళ్ల మీటింగా? గా నీలం గేటు. పో బిడ్డా పో, మా ముసలోడు గూడ గాన్నే ఉంటడు. ఇగ ఇడుస్తడు, అగ ఇడుస్తడు అనుకుంట ఇరవై ఏండ్లు సూసిన. గిప్పుడైతే ఇడిసిండు."

కంకుల కోసం నిలబడినవాళ్లు నా వైపు తిరిగి చూశారు. వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. కానీ వెళ్లాలంటే మళ్లీ ఆమె ముందు నుంచే వెళ్లాలి. అందుకని నీలం గేటు తోసి లోపలికి వెళ్లాను. నేను ఆ గదిలోకి ధైర్యంతో వెళ్లలేదు. ఆమె గొంతు పెద్దది కావడం వల్ల వెళ్లాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆమె దగ్గర కంకి కొనకుండా రాలేదు.

అది చిన్న పిల్లల తరగతి గది. గోడల నిండా అక్షరాలు, పళ్ల బొమ్మలు. బెంచీలు పిల్లల ఎత్తువి. పది పన్నెండు మంది పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చుని ఉన్నారు. కంపెనీ యూనిఫాం వేసుకున్నవాళ్లున్నారు. ఇస్త్రీ చొక్కాలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చి నాగారంలో ఇల్లు కట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ముందు బెంచీ మీద తెల్ల గడ్డం పెద్దాయన ఉన్నాడు. షామీర్‌పేట దగ్గర బోరు మోటార్లకు వైండింగు చేసే దుకాణం ఆయనది. అందరూ చాచా అంటారు. తాగుడు మానేసి పద్దెనిమిదేళ్లయిందట.

ఒక్కొక్కరూ లేచి తమ సంగతి చెప్పుకున్నారు. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు, సలహా చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు నా పేరు చెప్పి, ఇక ఏమీ చెప్పలేక కూర్చున్నాను.

"బస్, చాలు" అన్నాడు చాచా. "కూసోని ఇను భాయ్. మాట గదే వస్తది."

అయిపోయాక ఆయన్ను పక్కకు పిలిచి కాగితం చూపించాను. తమ్ముడు ఎలా ఉండేవాడో చెప్పి, ఎప్పుడైనా ఇక్కడికి వచ్చాడా అని అడిగాను. వచ్చాడని తెలిస్తే ఒకలా, రాలేదని తెలిస్తే ఇంకోలా బాధపడడానికి సిద్ధంగా ఉన్నాను.

చాచా కాగితం చదివి నాకు తిరిగి ఇచ్చాడు. "ఈడ ఎవరొచ్చిండ్రు, ఎవరు రాలే, అది మేము ఎవరికీ చెప్పం. అన్నకు గూడ చెప్పం. రేపు నీ గురించి మీ అమ్మ వచ్చి అడిగినా ఇదే మాట. సమజైందా?"

అప్పుడు కోపం వచ్చింది. ఆ తర్వాత అందులోని మంచి అర్థమైంది. తమ్ముడి గురించి నోరు విప్పని మనిషి నా గురించీ విప్పడు. ఆ నమ్మకం మీదే రెండో ఆదివారం వెళ్లాను. వాడు ఆ చిన్న బెంచీ మీద ఒక్కసారైనా కూర్చున్నాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

రెండో వారం చాచా నాకు పని అప్పజెప్పాడు. కొత్తగా వచ్చినవాడే చాయ్ పెట్టాలి, అక్కడి పద్ధతి అది. పాలు, చాయ్‌పత్తా, చక్కెర తెచ్చుకుని అయిదుకల్లా వచ్చి, బడి వంట షెడ్డులో గ్యాసు పొయ్యి వెలిగించాలి.

"నాకు చాయ్ పెట్టరాదు" అన్నాను.

"తాగుడు నేర్సుకున్నవ్ గద? ఇది గంత కష్టం గాదు" అన్నాడు. అందరూ నవ్వారు.

మొదటి చాయ్ నీళ్లలా ఉంది. బ్యాంకాయన ఒక గుక్క తాగి, "మాస్టారూ, మీరు పాలు పోయడం మర్చిపోయారా, లేక పాలవాడే మర్చిపోయాడా?" అన్నాడు. నేను మాస్టారిని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు.

చాలా ఆదివారాలు నాకు వెళ్లాలనిపించేది కాదు. కానీ నేను వెళ్లకపోతే పన్నెండు మందికి చాయ్ ఉండదు. మానెయ్యాలన్న పట్టుదల నాలో ఎంత ఉందో నాకు తెలియదు. పాలు విరిగిపోతాయన్న ఆలోచన మాత్రం ఉండేది. చదివిన పుస్తకాల్లో ఏదీ ఈ సంగతి చెప్పలేదు. చెప్పినా నేను గుర్తించి ఉండను. రెండో నెలలో ఒక పెళ్లిలో తాగాను. మరుసటి ఆదివారం తలదించుకుని పాలు పట్టుకెళ్లాను. నేను లేచి తాగానని చెప్పినప్పుడు గదిలో ఎవరి ముఖమూ మారలేదు. "సరే, మళ్లీ ఒకటో రోజు నుంచి" అన్నాడు బ్యాంకాయన. "నాకు అలా నాలుగు ఒకటో రోజులున్నాయి." ఆ తర్వాత నాకు ఇంకో ఒకటో రోజు రాలేదు.

మళ్లీ వానలు మొదలయ్యాయి. తమ్ముడి ఏడాది దగ్గర పడింది. మామ ఫోన్ చేశాడు. ఏర్పాట్లన్నీ మాట్లాడి చివర, "మూడొద్దుల నాడు జేసినట్టే జెయ్యాలె. సీసా నేను తెస్త. పోసుడు నీ పని, అన్నవి నువ్వే" అన్నాడు.

ఆ మాట నాతోనే ఉండిపోయింది. మూత తిప్పినప్పుడు వచ్చే చిన్న చప్పుడు నాకు తెలుసు. తర్వాత వాసన. గ్లాసు నిండాక సీసాలో మిగిలేది. అది నా చేతికే వస్తుంది. పది నెలలుగా కట్టుకున్నదంతా ఆ మిగిలిన దానితో పోతుందని నాకు ఏ అనుమానమూ లేదు. ఆదివారం మీటింగులో లేచి అదే చెప్పాను.

మీటింగు అయ్యాక గ్లాసులు కడుగుతుంటే బ్యాంకాయన వచ్చాడు. "వెళ్లకండి మాస్టారూ. జ్వరమని చెప్పి పడుకోండి. పోయినాయన ఏమీ అనుకోడు."

"అరె, తమ్ముని ఏడాదికి అన్న పోకుంటె ఎట్ల?" అన్నాడు చాచా. నా వైపు తిరిగాడు. "ఇష్టమైంది పెట్టాలె అంటున్నవ్. మంచిది. మందు గాక వానికి ఇంకేం ఇష్టముండె?"

గ్లాసు కడగడం ఆపి ఆయన వైపు చూశాను.

"ఆలోచించు, ఆలోచించు."

ఏ మందు ఇష్టమో చెప్పగలను. నీళ్లు ఎన్ని పోసుకునేవాడో, పక్కన ఏం నంజుకునేవాడో చెప్పగలను. అవి కాక ఏమీ గుర్తు రాలేదు. చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఎట్లాంటి అన్నవయ్యా నువ్వు?" అన్నాడు చాచా. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆ నవ్వు త్వరగానే ఆపేశాడు. "పో. ఇంట్ల ఆడోళ్లను అడుగు. వాళ్లకు తెలుస్తది."

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మనూ మరదలినీ అడిగాను. ఏడాదిలో మేం ముగ్గురం వాడి గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. వాడి చావు గురించి చాలా మాట్లాడాం, వాడి గురించి కాదు.

"మక్క గారెలు" అంది అమ్మ వెంటనే. "గీ వానల్నే గద. నేను గారె ఏస్తుంటే నూనెలకెల్లి తీసుడు ఆల్శం, అందుకునేటోడు. వేళ్లు కాలినా ఆగకపోయేది. నీకు యాదికి లేదారా? నీ పాలుది గూడ వాడే తినేటోడు. నువ్వు పుస్తకం పట్టుకుని కూసుంటివి."

యాదికి లేదు. అమ్మ చెప్పాక కొంచెం గుర్తొచ్చింది.

మరదలు పొయ్యి మంట తగ్గించింది. తర్వాత చెప్పింది. "చాయ్. సల్ల చాయ్."

"సల్ల చాయా?"

"వేడిగ తాగకపోయేది బావా. పోసి పెడితే గట్లనే ఇడిసేటోడు. మీగడ కట్టినంక వేలుతోని తీసి నోట్లేసుకుని, గప్పుడు తాగేటోడు. మళ్ల వేడి జేసిస్త అంటె వద్దనేటోడు. పొద్దుగాల లేసుడుతోనే నాతోని గిదే పంచాయితీ." ఆమె నవ్వింది. వెంటనే పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "పొద్దుగాల మంచిగనే ఉండె ఆయన."

పొద్దున వాడు ఎలా ఉండేవాడో నాకు తెలియదు. నేను వాణ్ణి చూసింది సాయంత్రాలే.

ఏడాది నాడు బొందలగడ్డకు అందరం వెళ్లాం. అమ్మ చేసిన మక్క గారెలు, అన్నం, కూర విస్తరాకులో పెట్టాం. చాయ్ నేను పెట్టాను. అప్పటికి చాయ్ బాగానే పెడుతున్నాను. స్టీలు గ్లాసులో పోసి ఆకు పక్కన పెట్టి, మిగతాది చెంబులోనే ఉంచాను. చాచా తన మోపెడ్ మీద వచ్చి, గోడ దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. రమ్మని నేను అడగలేదు.

మామ గ్లాసులోకి తొంగి చూశాడు. "గిదేందిరా?"

"చాయ్ మామా."

"సచ్చిపోయినోనికి చాయ్ పోస్తరార ఎవడన్న? వాడు సూసి నవ్వుతడు."

కాకి రాలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. చినుకులు పడి ఆగాయి. వేపకొమ్మ ఖాళీగానే ఉంది. జనంలో సణుగుడు మొదలైంది. మామ సంచిలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తాగకు. నిన్ను తాగుమంటలేను. వానికి పొయ్యి."

సీసా చల్లగా ఉంది. బొటనవేలు తనంతట తానే మూత మీదికి వెళ్లింది. చాచా వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు, కానీ ఏ సైగా చేయలేదు. ఆ చిన్న బెంచీ మీద నుంచి లేచి వారం వారం చెప్పిన మాట ఇంట్లోవాళ్ల ముందు ఒక్కసారీ చెప్పలేదని అప్పుడు తట్టింది.

"మామా, నేను తాగుబోతును" అన్నాను. "మూత తీస్తే నా చెయ్యి ఆగదు. పోయినేడు తమ్మునికి పోసి, మిగిలింది నేను తాగిన. గది నీ తప్పు గాదు. గిప్పుడు నువ్వు పోస్తనంటే పొయ్యి. నేనైతే ఈడ ఉండ."

సీసా ఆయన చేతిలో తిరిగి పెట్టాను. మామకు ఏం చేయాలో తోచలేదు. సీసాను చూశాడు, నన్ను చూశాడు.

అప్పుడు మరదలు అంది. "మామా, గది ఆయన్ని తిన్నది. ఇగ దానికి మల్ల ఇస్తారాకు ఎయ్యాల్నా?"

అమ్మ తడి నేల మీదే చతికిలబడింది. "తమ్మీ, సంచిల పెట్టు దాన్ని. వాడు వస్తే వస్తడు, లేకుంటె లేదు. నేను కూసుంట."

మామ సీసాను సంచిలో పెట్టాడు. ఆమె పక్కనే తనూ కూర్చున్నాడు. ఆమె కూర్చుంటే ఆయన నిలబడడు, చిన్నప్పటి నుంచీ అంతే. ఒక్కొక్కరూ కూర్చున్నారు. చాచా కూడా వచ్చి కూర్చున్నాడు. మామ ఆయన ఎవరని అడిగాడు. "మోటార్లు రిపేరు జేస్త" అన్నాడు చాచా. వెంటనే మామ తన బోరు సంగతి మొదలుపెట్టాడు. మోటారు నీళ్లు ఎత్తడం లేదట. ఇద్దరూ దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. మేమంతా అది వింటూ ఉండిపోయాం.

మళ్లీ ఆకు వైపు చూసేసరికి ఒక గారె లేదు. కాకి తీసుకుందో, గోడవతల తిరుగుతున్న కుక్క తీసుకుందో ఎవరూ చూడలేదు.

"కాకే" అన్నాడు మామ. "నేను సూసిన."

ఆయన చూడలేదు. బోరు గురించి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు అప్పుడు. ఆ అబద్ధానికి నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మిగిలిన గారెలు అందరూ తిన్నారు. చెంబులోని చాయ్ మీగడ కట్టింది. మరదలు దాన్ని గ్లాసులో వంచి నాకిచ్చింది. "అన్నవి, ముందు నువ్వే" అంది. మీగడ వేలితో తీసి నోట్లో వేసుకుని, చల్లారిన చాయ్ తాగాను. బాగాలేదు. మొత్తం తాగాను.

ఆదివారాలు ఇప్పటికీ వెళ్తున్నాను. చాయ్ పని నా తర్వాత వచ్చినవారికి వెళ్లింది. అది నీళ్లలాగే ఉంటోంది, బ్యాంకాయన ఆ మాట అనడం మానలేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. దాన్ని రాసినవారెవరో, తమ్ముడి జేబులోకి ఎలా వచ్చిందో తెలియదు. కృతజ్ఞత చెప్పుకోవడానికి అవి తెలియనక్కర్లేదని ఆ గదిలోనే నేర్చుకున్నాను. నేను తమ్ముణ్ణి దక్కించుకోలేకపోయాను. కానీ వాడి పొద్దుటి పూటలు నాకు కొన్ని దొరికాయి. చాచా ఆ ప్రశ్న అడగకపోతే అవి వంటింట్లోనే ఉండిపోయేవి.

ఈ ఏడు పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, మామ వాళ్ల ఇంట్లో కూడా పెద్దలకు చాయే పెట్టారు. మా ఇళ్లల్లో ఇప్పుడు పోయినవాళ్ల విస్తరాకు పక్కన సీసా పెట్టడం లేదు.